విదేశీ విద్యార్థికి బస వెతికేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

చదువు పనిమీద ఒకటి రెండు నెలలు నెల్లూరులో ఉండటానికి వేసవిలో వచ్చే విదేశీ పిల్లలకు గది చూసిపెట్టేవాళ్లు ముందుగా ‘ఏసీ ఉందా’ అని అడుగుతారు. దానికన్నా ముందు ‘సి-ఫారం పెడతారా’ అని అడగాలి. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు, హాస్టలైనా సొంత ఇల్లయినా, మనిషి దిగిన 24 గంటల్లోపు ఆ వివరాలు ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం) పోర్టల్‌లో నమోదు చేయాలి, సి-ఫారం అంటే అదే. పైసా బాడుగ తీసుకోకపోయినా తప్పదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చింది గానీ ఈ బాధ్యత అలాగే ఉంది. జనం నోట్లో సి-ఫారం పేరూ అలాగే ఉంది.

పని చెడేది ఎక్కడంటే, యజమాని ముందుగా తన చిరునామాతో పోర్టల్‌లో ఖాతా తెరిచి, దానికి ఆమోదం తెచ్చుకోవాలి. విద్యార్థి రైలు దిగాక మొదలుపెడితే 24 గంటలు ఏ మూలకూ చాలవు. వారం పది రోజుల ముందే చేయించండి. ఫారం నింపేటప్పుడు రెండు పొరపాట్లు తరచూ దొర్లుతుంటాయి. పేరు, ఇంటిపేరు తారుమారు కావడం ఒకటి. మన దేశంలో దిగిన తేదీ గడిలో నెల్లూరు చేరిన తేదీ వేయడం ఇంకొకటి. పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ ముద్ర చూసి వేస్తే సరిపోతుంది. వీసా మీద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని రాసి ఉంటే అది వేరే పని, విద్యార్థే చూసుకోవాలి.

ఇక గది. ఖాళీగా దొరికేది, బాడుగ తగ్గేది ఎప్పుడూ మిద్దె మీద గదే. రోహిణి కార్తెలో అందులో ఉండటం మనకే కష్టం. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటే ఒక టన్ను ఏసీ ఏం చేస్తుంది? పైన ఇంకో అంతస్తు ఉన్న గది చూడండి. చూడటానికి పొద్దున పోవద్దు. సాయంత్రం నాలుగింటికి పోయి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించండి, కుళాయి తిప్పండి. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వస్తే బేరం అక్కడే ఆపేయొచ్చు. అదే కుళాయి నీళ్లు నోట్లో పోసుకుంటే బోరు ఉప్పదనమూ తెలిసిపోతుంది. తాగడానికి 20 లీటర్ల క్యాను ఎటూ వేయించుకోవాల్సిందే.

‘ఇన్వర్టర్ ఉంది’ అంటే ఏసీ తిరుగుతుందని విదేశంలో ఉన్నవాళ్లు అనుకుంటారు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి ఉంటే అది రెండు ఫ్యాన్లను, రెండు లైట్లను నాలుగైదు గంటలు లాగుతుంది, అంతే. వైఫై రౌటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో చూడండి. లేకపోతే కరెంటు పోయిన క్షణమే చదువు చూసే గైడుతో (ప్రొఫెసరుతో) వీడియో కాల్ తెగిపోతుంది. ఒకటిన్నర టన్ను ఏసీకి గంటకు యూనిట్ నుంచి యూనిట్టున్నర దాకా అవుతుంది. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే నెలకు మూడు వందల యూనిట్లు ఎక్కడికీ పోవు. సబ్‌మీటరు పెట్టించి, యూనిట్ ఎంతో, మొదటి రోజు రీడింగ్ ఎంతో, అడ్వాన్సులో రంగులకు ఎంత పట్టుకుంటారో ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు మన 230 వోల్టుల సంగతి చెప్పండి. ల్యాప్‌టాప్ ఛార్జర్లు చాలావరకు తట్టుకుంటాయి, హెయిర్ డ్రయ్యర్ మాడిపోతుంది.

దోమతెర సంగతి నెల్లూరోళ్లకు చెప్పాలా! పిల్ల వచ్చేలోపు కట్టి ఉంచండి.

హాస్టళ్లు అనుకుంటే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ పిల్లలు ఖాళీ చేశాక గదులు దొరుకుతాయి. అయితే విదేశీ పాస్‌పోర్టు చూడగానే ‘ఎందుకొచ్చిన గొడవ’ అని తప్పుకునే హాస్టళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేం, ఆ ఫారం ఎలా పెట్టాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఖాతా తెరవడం దగ్గర్నుంచి ఫొటో ఎక్కించడం దాకా తెలుగులో ఒక పేజీ అచ్చువేసి ప్రతి పోలీస్ స్టేషన్‌లో, హాస్టల్ యజమానుల చేతుల్లో ఉంచమని జిల్లా పోలీసు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. ఏప్రిల్ దాటకముందే ఇస్తే ఈ వేసవికే పనికొస్తుంది.

ఇట్లు,
కొందరు పాఠకులు,
మాగుంట లేఅవుట్, నెల్లూరు