2025-26 వార్షిక నివేదిక: గడ్డు ఏడాదిలో మన యూనిట్ల ఆర్‌అండ్‌డీ (పరిశోధన, కొత్త ప్రయోగాలు) ఎక్కడ నిలబడింది

మన చిన్న యూనిట్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు, ఆడిట్ కాపీ విడిగా పంపాం, సందేహాలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే అడగండి. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి, ఎందుకంటే ఏడాదంతా కమిటీలో ఎక్కువగా నలిగింది అదే. నీళ్లు, కరెంటు, వ్యర్థాలు, పొల్యూషన్ రూల్స్, అందరూ కలిపి సస్టైనబిలిటీ అంటున్నారే, అది మన యూనిట్లలో కొత్త ప్రయోగాలకు సాయపడుతోందా, అడ్డం పడుతోందా? రెండూ జరుగుతున్నాయి. ఎక్కడ ఏది జరుగుతోందో చూసినంత మేరకు రాస్తున్నాం.

2025 మామిడి సీజన్ ఎలా గడిచిందో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పాత మామిడి పల్ప్ (గుజ్జు) గోడౌన్లలో ఉండగానే కొత్త కాయ వచ్చిపడింది, తోతాపురి ధర పడిపోయింది, చివరికి ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని తేల్చి అందులో 8 ఫ్యాక్టరీలు, 4 తాను ఇచ్చేలా చేసింది. రైతులు ట్రాక్టర్లతో గేట్ల ముందు పడిగాపులు కాస్తున్న ఆ రోజుల్లో ప్రయోగాల మాటెత్తితే ఎవరికైనా కోపం రావడం న్యాయమే. సీజన్ అయ్యాక చాలామంది ముందు కోత పెట్టింది కూడా ఆ ఖర్చుకే. అయినా కొన్నిచోట్ల పని ఆగలేదు. కమిటీ వెళ్లి చూస్తే, ఆగనివి దాదాపుగా నీళ్ల ఖర్చో, ఆవిరి ఖర్చో, చెత్త తోలే ఖర్చో తగ్గించే పనులు. కొత్త ఫ్లేవర్లు, కొత్త ప్యాకెట్లు మూలనపడ్డాయి.

చిత్తూరు వైపు ఒక పల్ప్ యూనిట్‌లో చూసింది కాస్త వివరంగా చెప్పాలి. లైన్ కడిగేటప్పుడు ముందు మామూలు నీళ్లు, తర్వాత కాస్టిక్ (శుభ్రం చేసే సోడా ద్రావణం), మళ్లీ నీళ్లు పోతాయి కదా, ఆ చివరి కడుగు నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి, ఇన్నాళ్లూ అవి నేరుగా ఈటీపీకి (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకు) పోయేవి. ఇప్పుడు ఒక ట్యాంకులో పట్టుకుని తర్వాతి కడుగులో మొదటి విడతకు వాడుతున్నారు. డెయిరీల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కానీ ఆ నీళ్లు ఎంతసేపు నిల్వ ఉంటే వాసన కొడతాయి, పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) ఎంతవరకు ఉంటే ఫర్వాలేదు అనేది ఎవరి లైనుకు వాళ్లే తేల్చుకోవాలి. అక్కడ క్వాలిటీ చూసే అమ్మాయి ప్రతి షిఫ్టులోనూ పీహెచ్ చూసి, పంపు పక్కన మేకుకు తగిలించిన నోటుబుక్కులో రాస్తూ వచ్చింది. ఆ రాతలు తిరగేస్తుంటేనే కాస్టిక్ అవసరానికి మించి పోస్తున్నారని కూడా బయటపడింది. నీళ్లు మిగిల్చుకుందామని కొలవడం మొదలుపెట్టారు, ఆ కొలతలతో ఇంకో సమస్య దొరికింది. ఆర్‌అండ్‌డీ అంటే ముందు లెక్క ఉండాలి, మన చిన్న యూనిట్లలో లేనిది అదే.

తొక్క, టెంక సంగతి ఇంత తేలిక కాదు. కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా అవే పోతాయి, ఎండలో ఒక్క పూటకే పులుస్తాయి. తొక్కలో జామ్‌లను గట్టిపరిచే పెక్టిన్ ఉంది. టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వును చాక్లెట్‌లో కొంతమేరకు కోకో బటర్‌కు బదులుగా వాడొచ్చని యూరోపియన్ యూనియన్ 2000లోనే తన నిబంధనల్లో అనుమతించింది. ఇవన్నీ నిజమే, కానీ పెక్టిన్ తీయాలంటే యాసిడ్, ఆల్కహాల్, వాడిన ఆల్కహాల్‌ను తిరిగి పట్టే ప్లాంటు కావాలి, ఏడాదిలో రెండు మూడు నెలలే నడిచే యూనిట్ ఒక్కటే పెట్టుకుంటే గిట్టదు. ఒక సభ్యుడు బయోగ్యాస్ మొదలుపెట్టారు. ఒట్టి తొక్క వేస్తే అందులోని చక్కెర వేగంగా పులిసి, ఆమ్లం పెరిగిపోయి గ్యాస్ ఆగిపోయింది. పేడ కలిపి, మోతాదు తగ్గించాక ఇప్పుడు క్యాంటీన్ పొయ్యికి వస్తోంది. ఇలాంటివి ఎవరికి వాళ్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడం దండగ, సంఘం తరఫున కలిసి చేయాల్సిన పనులివి.

తిరుపతి వైపు బ్యాటరీ విడిభాగాలు చేసే సభ్యులది వేరే రకం ఒత్తిడి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలతో పాత బ్యాటరీలు వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుల మీద పడింది, కాబట్టి కొనేవాళ్లు రీసైకిల్ ప్లాస్టిక్ వాడమంటున్నారు. ఆ ప్లాస్టిక్ గింజలు ఎక్కువ కలిపితే బ్యాటరీ పెట్టె పగులుతోంది, తక్కువ కలిపితే కొనేవాళ్లు ఒప్పుకోవడం లేదు. ఎంత కలిపితే సరిపోతుందో తేల్చే పని ఇంకా నడుస్తోంది.

ఇక అడ్డం పడే వైపు. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల) నివేదిక తప్పనిసరి చేసింది. ఆర్‌అండ్‌డీ ఖర్చులో పర్యావరణ, సామాజిక మెరుగుదలకు ఎంత శాతం పెట్టారని అందులో అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ పెద్ద కంపెనీల నుంచి ఆ ఫారాలు కిందికి దిగి మన దగ్గరికి వచ్చేసరికి ఒక్కో కస్టమర్‌ది ఒక్కో ఫార్మాట్, అవన్నీ నింపేది ల్యాబ్‌లో ఉండాల్సిన ఆ ఒక్క మనిషే. ఫారాల సీజన్‌లో ట్రయల్స్ ఆగిపోతున్నాయని చాలామంది సభ్యులు చెప్పారు, ఆ టెన్షన్ మాకూ తెలుసు.

ఈ చర్చ మనతో మొదలైంది కాదు. 1995లో ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో మైకేల్ పోర్టర్, క్లాస్ వాన్ డర్ లిండే అనే పరిశోధకులు సరిగ్గా రూపొందించిన పర్యావరణ నిబంధనలు కంపెనీలను కొత్త పద్ధతుల వైపు నెడతాయని, ఖర్చులో కొంతో మొత్తమో అలా తిరిగి వస్తుందని వాదించారు. అదే ఏడాది అదే పత్రికలో మరికొందరు ఆర్థికవేత్తలు అంత తేలిక కాదు, నిబంధనలకు ఖర్చు ఉంటుందని బదులిచ్చారు. మన అనుభవంలో తేడా ఎక్కడుందంటే, ఏం తగ్గించాలో చెప్పి ఎలా తగ్గించాలో యూనిట్‌కు వదిలేసినచోట ప్రయోగాలు జరిగాయి, ఫలానా మెషీన్ పెట్టు, ఫలానా ఫారం నింపు అన్నచోట బిల్లు మాత్రమే మిగిలింది. పైగా పన్ను ఆసరా కూడా తగ్గింది. ఇన్‌హౌస్ ఆర్‌అండ్‌డీకి పెట్టిన ఖర్చు మీద ఒకప్పుడు 200 శాతం ఉన్న పన్ను మినహాయింపు తర్వాత 150కి, 2020-21 నుంచి 100 శాతానికి వచ్చింది. అంటే ప్రయోగం ఖర్చు ఆ ప్రయోగం మిగిల్చే నీళ్లలో, కరెంటులో, సరుకులోనే రాబట్టుకోవాలి.

వచ్చే ఏడాదికి కమిటీ తీర్మానాలు: కస్టమర్ల ఫారాలన్నిటికీ పనికొచ్చే ఒకే డేటా షీటు సంఘమే తయారుచేస్తుంది. తొక్క, టెంక మీద ఉమ్మడి ప్రయోగం కోసం మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐని, ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ తిరుపతిని సంప్రదిస్తాం. ఆర్‌అండ్‌డీ పనితీరును పేటెంట్లతో కాకుండా, మొదలుపెట్టిన ట్రయల్స్‌లో ఎన్ని ఉత్పత్తిలోకి వెళ్లాయి, టన్ను సరుకుకు నీళ్లు, కరెంటు ఎంత తగ్గాయి అనే లెక్కతో చూస్తాం. విఫలమైన ట్రయల్స్ కూడా ఆ లెక్కలో రాయండి, పక్క యూనిట్‌కు అవే ఎక్కువ పనికొస్తాయి.

సమావేశానికి వచ్చేటప్పుడు గత సీజన్ నీళ్ల మీటర్ రీడింగులు, కరెంటు బిల్లులు తీసుకురండి. మీటర్ లేనివాళ్లు ముందుగా ఫోన్ చేస్తే సంఘం తరఫున కలిపి కొని తక్కువ ధరకు ఇప్పించే ఏర్పాటు చేస్తాం.