చలికాలంలో ఏసీ ఎందుకన్నారు, ఎందుకో ఘాట్ రోడ్డులో తెలిసింది

మేనేజర్ గారికి,

హనుమకొండలో మీ దగ్గర డిసెంబర్‌లో సెల్ఫ్ డ్రైవ్‌కి తీసుకున్న కారు గురించి ఈ ఫిర్యాదు. ఫోన్ చేస్తే "చూస్తం అన్నా" అని పెట్టేస్తున్నారు, అందుకే రాసి పంపుతున్నా.

పాపికొండల నేషనల్ పార్కు వైపు ఫొటోల కోసం వెళ్తున్నామని, ఏటూరునాగారం, భద్రాచలం, చింతూరు మీదుగా పోయి మారేడుమిల్లి ఘాట్ చీకటితోనే ఎక్కుతామని బుకింగ్ అప్పుడే చెప్పాను. కారు ఇచ్చేటప్పుడు ఏసీ పనిచేయట్లేదని మీ తమ్ముడికి చూపిస్తే "చలికాలంల ఏసీతోని ఏం పనన్నా" అన్నాడు. వేరే కారు అడిగితే లేదన్నాడు.

బయట చలి, లోపల నలుగురి ఊపిరి, ఘాట్ మొదలైన కాసేపటికే ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసింది. ఏసీ ఉంటే గాలిలో తేమ లాగేస్తుంది, ఆ పొడిగాలి అద్దానికి కొడితే నిమిషాల్లో క్లియర్ అవుతుంది. ఇందులో ఆ దారే లేదు. పక్కన కూర్చున్న మా బావ లెన్స్ తుడిచే గుడ్డతో అద్దం తుడుస్తుంటే చారలు మిగిలేవి, ఆ చారల మీద ఎదురుగా వచ్చే లారీ లైట్లు పడగానే అంతా తెల్లగా అయిపోయి మలుపు ఎటు తిరుగుతుందో కనపడేది కాదు. కిటికీలు దించినా పెద్దగా తేడా లేదు. ఫాగ్ లైట్లలో ఒక్కటే వెలిగింది. కింద లోయ, మెకానిక్ దొరకడు, చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉండదు, ఆ టెన్షన్ మీరు పడలేదు.

రోడ్డు వెడల్పున్న చోట ఆపి తెల్లారేదాకా కూర్చున్నాం. లోయలో పరుచుకున్న పొగమంచు మీద తొలి ఎండ పడే ఆ కాసేపటి కోసమే అంత దూరం పోయాం, మేం చేరేసరికి ఎండెక్కి మంచు విడిపోయింది. గోదావరికి రెండువైపులా 1,000 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి, ఆ దృశ్యం మాత్రం మళ్లీ చలికాలం వస్తేనే దొరుకుతుంది.

తిరుగు ప్రయాణంలో రాత్రి ఆ అద్దంతో నడపలేక భద్రాచలంలో ఆగాం. దానికి మీరు లేటు ఫీజు అని డిపాజిట్‌లో 3,000 రూపాయలు కోశారు! లోపం మీ కారుది, జరిమానా మాకా?

ఆ 3,000, కారు అద్దెలో సగం వెనక్కి ఇవ్వండి. అంతకంటే ముందు ఆ కారుకి ఏసీ, ఫాగ్ లైటు బాగుచేయించేదాకా ఎవరికీ ఇవ్వొద్దు. ఈ సీజన్‌లో లంబసింగి, అరకు అని ఎంతోమంది పిల్లలతో ఘాట్ రోడ్లెక్కుతారు. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కారు తీసుకున్నప్పుడు తీసిన వీడియో, మీ రసీదు నా దగ్గరున్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్, హనుమకొండ