ఎకరానికి 29 గుంటలిచ్చే ట్యాబ్

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ క్లాక్‌టవర్‌కు కూతవేటు దూరంలో నాకో జిరాక్స్, డీటీపీ షాపుంది. ఏళ్ల తరబడి మీ పేపరే తెప్పించుకుంటున్నాను. పొద్దున పేపరబ్బాయి షట్టర్ కింద సందులోంచి లోపలికి తోసేసి పోతాడు, నేనొచ్చి తాళం తీసేసరికి అది జిరాక్స్ మెషిన్ దాకా జారి ఉంటుంది. పోయిన దసరా ముందు మీ గ్యాడ్జెట్ల పేజీలో ఓ కొత్త ట్యాబ్ గురించి వచ్చింది. 8 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, 8000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఫాస్ట్ ఛార్జింగ్, పెద్ద హెచ్‌డీ తెర, ధర 12 వేలు, విద్యార్థులకు చక్కగా సరిపోతుంది అని రాశారు. ఆ ముక్క కత్తిరించి కౌంటర్ అద్దం కింద పెట్టాను. నా తప్పల్లా అదే.

జిరాక్సుకు వచ్చినవాళ్లు కాగితాలు చేతికొచ్చేదాకా ఏం చేస్తారు, అద్దం కింద ఉన్నది చదువుతారు. "ఇది మంచిదేనా అన్నా?" అని ఎవరైనా అడిగితే "పేపర్ల వచ్చింది కదా" అనేవాణ్ని. పండుగ ఆఫర్‌లో నేనొకటి తీసుకున్నాను. పక్క షాపు టైలర్ తమ్ముడు బైపీసీ చదివే బిడ్డ నీట్ క్లాసుల కోసం ఒకటి కొన్నాడు, మిర్యాలగూడ రైస్‌మిల్లులో గుమాస్తాగా చేసే మా బామ్మర్ది ఒకటి, తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంట్ ఒకాయన సిమ్ వేసే మోడల్ ఒకటి, మా ఇంటి వెనక పెద్దమ్మకు దుబాయ్‌లో ఉన్న కొడుకు డబ్బులు పంపి ఒకటి. మొత్తం ఐదు. ఇప్పుడు ఆ ఐదింటి పంచాయితీ నా కౌంటర్ మీదే. కంపెనీ టోల్‌ఫ్రీ నంబర్ కలవదు, నా షాపు మాత్రం రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది మరి.

ముందు 64 జీబీ సంగతి. ఆన్ చేసి సెట్టింగ్స్‌లో చూస్తే వాడుకోవడానికి మిగిలింది 46. మిగతాది ఆండ్రాయిడ్ సిస్టమ్, కంపెనీవాళ్లు ముందే ఎక్కించిన యాప్‌లు తిన్నాయి. అందులో మూడు గేములు, ఓ షాపింగ్ యాప్, ఎవరికీ తెలియని ఓ న్యూస్ యాప్, కొన్నింటిని తీసేద్దామన్నా పోవు, "డిసేబుల్" అని మాత్రమే చూపిస్తుంది. దీనికితోడు కంపెనీల జీబీ వేరు, కంప్యూటర్ జీబీ వేరు. కంపెనీ లెక్కలో 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు. కంప్యూటర్‌లో చాలాచోట్ల 107 కోట్ల 37 లక్షల పైచిలుకు. డీటీపీ పని చేసేవాణ్ని కాబట్టి నాకిది తెలుసు, మా బామ్మర్దికి ఎట్లా తెలుస్తుంది? ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను: "బావా, ఎకరా అంటే 40 గుంటలు కదా, వీళ్లు ఎకరా అని పట్టా రాసి 29 గుంటలు చూపిస్తున్నరు, మిగతా 11 గట్లకు, బాటకు పోయిందట." ఆయన వెంటనే అన్నమాట, "మరి పైసలు 40 గుంటలకు ఎందుకు తీసుకున్నరు?" దీనికి నా దగ్గర జవాబు లేదు.

ర్యామ్, అంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, దాని సంగతి ఇంకా అన్యాయం. బాక్సు మీద 8 అని పెద్దగా, దాని కింద 4+4 అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అసలు ర్యామ్ 4 జీబీయే. మిగతా 4 "వర్చువల్", అంటే స్టోరేజ్‌లోంచి కొంత జాగా అప్పు తీసుకుని ర్యామ్‌లాగా వాడతారు. అసలు ర్యామ్‌తో పోలిస్తే అది చాలా నెమ్మది, పైగా ఆ 4 జీబీ మళ్లీ మన 46లోంచే పోతుంది. కంపెనీ ఆ మాట చీమతలకాయంతైనా చెప్పింది. మీ పేపర్లో అదీ లేదు. "8 జీబీ ర్యామ్" అని రాసి వదిలేశారు. ఆ కత్తిరించిన ముక్క ఇంకా నా అద్దం కిందే ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఫాస్ట్ ఛార్జింగ్ అన్నారు, ట్యాబ్ 18 వాట్లు తీసుకోగలదు, నిజమే. కానీ బాక్సులో ఇచ్చింది 10 వాట్ల ఛార్జర్. 8000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 31 వాట్ అవర్లు, 10 వాట్లతో ఎక్కడా వృథా పోకపోయినా మూడు గంటల పైనే పడుతుంది, మాకు నాలుగున్నర పడుతోంది. సాయంత్రం పూట వోల్టేజీ ఊగులాడుతుంటే ఇంకా ఎక్కువ. 18 వాట్ల ఛార్జర్ కావాలంటే విడిగా కొనుక్కోవాలట. ఎద్దును అమ్మి ముకుతాడు విడిగా అమ్మినట్టుంది.

హెచ్‌డీ తెర గురించి మా బామ్మర్ది ఎక్కువ బాధపడ్డాడు. మిల్లు నుంచి వచ్చి రాత్రి సినిమా చూద్దామని కొన్నాడు పాపం. సినిమా మసకమసకగా వస్తోందని తెర మార్పించమన్నాడు. తెరలో తప్పు లేదు. ఓటీటీ యాప్‌లు హెచ్‌డీలో చూపించాలంటే ట్యాబ్‌కు వైడ్‌వైన్ ఎల్1 అనే ధ్రువీకరణ ఉండాలి, ఇందులో ఉన్నది ఎల్3, అందుకని మామూలుగా 480పీ అనే తక్కువ నాణ్యత దగ్గరే ఆపేస్తాయి. ఈ ఎల్1, ఎల్3 గొడవ బాక్సు మీద ఏ మూలా రాయలేదు. అదే ట్యాబ్‌లో యూట్యూబ్ పెడితే బొమ్మ అద్దంలా ఉంటుంది, దాంతో ఆయనకు నా మీదే అనుమానం, నేనేదో సరిగా సెట్ చేయలేదని.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌ది రెండు ముక్కల్లో చెప్తాను. సిమ్ పడుతుంది, ఫోన్ కాల్ పోదు. ఇంటర్నెట్‌కు మాత్రమేనట. సిమ్ వేసేది అంటే ఫోన్ కూడా చేయొచ్చనే కదా ఎవరైనా అనుకునేది.

ఇక ఎండ. మే నెలలో నల్లగొండ ఎండెంతో మీకు చెప్పాలా, 44, 45 డిగ్రీలని మొదటి పేజీలో మీరే వేస్తారు. ట్యాబ్‌తో ఇచ్చిన చిన్న పుస్తకాన్ని జిరాక్స్ మెషిన్‌లో పెట్టి పెద్దది చేసి చదివాను (మామూలుగా అయితే చదవలేం). 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఉంది. ఈ లెక్కన ఉగాదికి బీరువాలో పెట్టి మృగశిర కార్తెకు తీయాలి. మధ్యాహ్నం రెండింటికి రేకుల ఇంట్లో ఛార్జింగ్ పెడితే వేడెక్కిందని చెప్పి ఆపేస్తుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, ఆపడం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

మా పెద్దమ్మకు 70 దాటాయి. మనవరాలి ముఖం పెద్దగా కనిపిస్తుందని ఆ ట్యాబ్ అంటే ప్రాణం. ఓ రోజు వీడియో కాల్ మధ్యలో తెర నల్లబడితే నా దగ్గరికి తెచ్చింది, "ఏమాయె బిడ్డా, గిది ముఖం మాడ్చుకున్నది" అని. వేడెక్కింది పెద్దమ్మా, చల్లారాక వస్తుంది అని పంపించాను. ఆమె ఇంటికి పోయి దాన్ని తడి తువ్వాలలో చుట్టి రంజన్ పక్కన పెట్టింది. నిజం చెప్పాలంటే అది నాలుగు రోజులు బాగానే పనిచేసింది. రోజూ మధ్యాహ్నం చుట్టి పెట్టడం, సాయంత్రం తీసి మాట్లాడుకోవడం. ఐదో రోజు ఛార్జింగ్ పెట్టే చోట చెమ్మ చేరి మొత్తానికే పోయింది. "లిక్విడ్ డ్యామేజ్, వారంటీ రాదు" అన్నారు కంపెనీవాళ్లు. రూల్ ప్రకారం వాళ్లన్నది కరెక్టే. చల్లారాక వస్తుందని ఊరికే చెప్పి పంపిన నా మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

టైలర్ తమ్ముడిది అలాంటి పొరపాటు కూడా కాదు. ఛార్జింగ్ పోర్ట్ లూజై వైరు ఓ పక్కకు వంచి పట్టుకుంటేనే ఎక్కేది, ఏప్రిల్‌లో అదీ ఆగింది. కంపెనీ వెబ్‌సైట్‌లో నల్లగొండ సర్వీస్ సెంటర్ అని అడ్రస్ ఉంటే పోయి చూశాం, అక్కడ చెప్పుల దుకాణం ఉంది. ఆ దుకాణమాయన మా చేతిలో బాక్సు చూడగానే "హైదరాబాద్ పోండి సార్, మీలాంటోళ్లు శానామంది వచ్చిండ్రు" అన్నాడు, మంచి మనిషి, కూర్చోమని నీళ్లిచ్చాడు. తమ్ముడు షాపు మూసుకుని చిట్యాల, చౌటుప్పల్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కాడు. మొదటిసారి బిల్లు ఒరిజినల్ కావాలన్నారు, ఆన్‌లైన్‌లో కొన్నదానికి ఒరిజినల్ ఎక్కడిది, ప్రింటే కదా. రెండోసారి "సాఫ్ట్‌వేర్ కొట్టాం, చూసుకోండి" అని ఇచ్చారు, పోర్ట్ లూజుకు సాఫ్ట్‌వేర్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. మూడోసారి పార్ట్ స్టాకు లేదని ఉంచుకున్నారు. ప్రతిసారీ పోనూ రానూ 200 కిలోమీటర్లు, మొత్తం మూడు రోజుల కూలి. ఆ బిడ్డ నీట్ ముందు నెలంతా వాళ్ల నాన్న ఫోన్‌లో క్లాసులు వింది. కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన బ్లౌజ్ డిజైన్ చూడాలంటే ఆయన క్లాసు అయ్యేదాకా కత్తెర పక్కన పెట్టి కూర్చునేవాడు.

అన్నీ ట్యాబ్ తప్పులే అననుగానీ. పాత తెలుగు పీడీఎఫ్‌లో ఓ పదం వెతికితే దొరకడం లేదని ఒకరు వచ్చారు. అది అను ఫాంట్స్ అనే పాత డీటీపీ అక్షరాల్లో కొట్టిన పీడీఎఫ్, ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే యూనికోడ్ కాదు, ఏ ట్యాబ్‌లోనూ దొరకదు, ఆ పాపం మా డీటీపీ వాళ్లది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా మధ్యాహ్నానికే అయిపోతోందని ఇంకొకరు, దానికి కంపెనీ ఏం చేస్తుంది. 12 వేలు పెట్టి 40 వేల సరుకు అడగడం లేదు. సౌండ్ బాగుంది, ఫోన్‌లో చదవడం కంటే కళ్లకు హాయిగా ఉంది, ఒప్పుకుంటాను.

ఇలాంటి గోల కొత్త కూడా కాదు. 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చినప్పుడు కెమెరా లేదు, యూఎస్‌బీ లేదు అని జనం మొత్తుకున్నారు, మరుసటి ఏడాది ఐప్యాడ్ 2కు ముందొకటి, వెనకొకటి కెమెరాలు వచ్చాయి. మన దగ్గర 2011 అక్టోబర్ 5న ఆకాశ్ ట్యాబ్ విడుదల చేశారు, ప్రపంచంలోనే చవక అని. 7 అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, తెర రెసిస్టివ్ రకం, వేలు ఆనిస్తే చాలదు, నొక్కాలి. జనం తిట్టారు, తర్వాతి మోడల్‌కు మామూలు టచ్ వచ్చింది. అప్పుడు లోపం అందరికీ ఎదురుగా కనిపించింది కాబట్టి అడగగలిగారు. ఇప్పుడు 4+4లో, ఎల్3లో దాక్కుంటే ఏమని అడుగుతాం?

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లు, ట్యాబ్‌లకు కొత్త రూల్స్ వచ్చాయి. బ్యాటరీ ఎంత మన్నుతుంది, కిందపడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరు చేయడం ఎంత సులువు అన్నది లేబుల్ మీద వేయాలి. ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన విడి భాగాలు దొరకాలి, 5 ఏళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఇవ్వాలి. మా ట్యాబ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కొన్న నెల దగ్గరే ఆగిపోయి ఉంది. అక్కడ లేబుల్ వేయగలిగినప్పుడు ఇక్కడ వేయడానికేం, అదీ తెలుగులో వేస్తే మా బామ్మర్ది నన్ను అడగాల్సిన పనే ఉండదు.

వినియోగదారుల కమిషన్‌కు పోదామని టైలర్ తమ్ముడికి చెప్పాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది, ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. "మళ్లీ షాపు మూసుకోవాల్నా అన్నా" అన్నాడు. అందుకని ఫోన్ నేనే చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు, చూడాలి.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ గ్యాడ్జెట్ల పేజీలో కంపెనీ పంపిన కాగితం వేసేటప్పుడు వేయండి, కానీ ఆరు నెలలయ్యాక అదే ట్యాబ్ కొన్నవాళ్ల దగ్గరికి ఓసారి మీ విలేకరిని పంపి, వాడుకోవడానికి ఎన్ని జీబీలు మిగిలాయి, ఏ ఊళ్లో రిపేరు చేస్తున్నారు, ఎండాకాలం ఎట్లా ఉంది అని అడిగి అంతే జాగాలో వేయండి. మొదలు మా దగ్గరి నుంచే పెట్టొచ్చు. నా షాపుకు పంపితే నాది, బామ్మర్దిది, ఏజెంట్‌ది మూడూ ఆన్ చేసి చూపిస్తాను, పెద్దమ్మది కూడా తెప్పించి పెడతాను. ఐదోది మాత్రం అడగొద్దు, అది ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది.

ఇట్లు,
ఓ జిరాక్స్ షాపు యజమాని,
నల్లగొండ