గంజాయి అలవాటు కాదా?

సంపాదకులకు,

‘గంజాయి మొక్కే కదా, అలవాటు కాదు’ అని మా అక్క కొడుకు వాదించేవాడు. పొగాకూ మొక్కే! మానేసిన మొదటి వారం వాడికి నిద్ర లేదు, తిండి సయించలేదు, ఊరికే చిరాకు. తెల్లవారుజామున మూడింటికి హాల్లో పచార్లు చేస్తూ కనిపించేవాడు. వాడేవారిలో దాదాపు 10 మందిలో ఒకరు, టీనేజ్‌లో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు దీనికి బానిసలవుతారని అంచనా. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది. ఆ వయసులో గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ జ్ఞాపకశక్తినీ, ఏకాగ్రతనూ ఎక్కువగా దెబ్బతీస్తుంది. కొందరికి లేనిపోని అనుమానాలు, భ్రమలు కూడా. ఇంట్లో తిట్లతో (నేనూ తిట్టాను) వాడు మారలేదు. కౌన్సెలింగ్‌కు వెళ్లాకే కాస్త తేరుకున్నాడు. పట్టుబడిన కిలోల లెక్కతో పాటు, మానేవాళ్లకు ఆ మొదటి వారం ఎలా గడుస్తుందో కూడా పత్రికలు రాయాలి.

– ఒక పాఠకుడు