టచ్‌ప్యాడ్ తడిపింది మీవాళ్లు, వారంటీ పోయింది నాకా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: సర్వీస్ సెంటర్‌లో శుభ్రం చేస్తూ లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పాడుచేయడం, ఆపై వారంటీ ఇవ్వననడం గురించి.

అయ్యా,

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులన్నీ మీ లాప్‌టాప్ మీదే. కొని 14 నెలలైంది, వారంటీ రెండేళ్లు.

చేతి జిడ్డు పేరుకుని టచ్‌ప్యాడ్ మధ్యలో మరక కట్టింది. పని మాత్రం బాగానే చేస్తోంది. నేను తుడిస్తే ఏమవుతుందోనన్న భయంతో అమీర్‌పేటలోని మీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి లాప్‌టాప్ ఆఫ్ కూడా చేయలేదు. అద్దాలు తుడిచే నీలం రంగు సీసా తీసి ప్యాడ్ మీద నేరుగా మూడుసార్లు కొట్టాడు. ఆ నీళ్లు ప్యాడ్ చుట్టూ ఉండే సన్నటి సందు దగ్గర గీతలా నిలిచి, చూస్తుండగానే లోపలికి దిగిపోయాయి. "బాబూ, లోపలికి పోతోంది కదా" అన్నాను. "ఏం కాదు మేడమ్, రోజూ చేసేదే" అన్నాడు. 300 రూపాయలు కట్టి వచ్చాను.

మర్నాడు క్లాసు మధ్యలో కర్సర్ దానంతట అదే పరుగులు పెట్టింది. ఎడమవైపు క్లిక్ నొక్కితే పైకి లేవలేదు. మళ్లీ తీసుకెళ్తే, తడి తగిలితే రంగు మారే స్టిక్కర్ లోపల ఎర్రబడిందని చూపించి, "లిక్విడ్ డ్యామేజ్, వారంటీ రాదు, 6,800 అవుతుంది" అన్నారు. ఆ తడి ఎవరు పోశారని అడిగితే జవాబు లేదు. కౌంటర్ పైన మీ సీసీటీవీ ఉంది. ఆ రోజు రికార్డింగ్ చెరిపేయకుండా తీసి చూడండి.

లాప్‌టాప్‌తో మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది: ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, మెత్తటి గుడ్డను కొద్దిగా తడిపి తుడవాలి, ఏ ద్రవాన్నీ నేరుగా చల్లకూడదు. వేలు ఆనినప్పుడు వచ్చే చిన్న విద్యుత్ మార్పును బట్టే టచ్‌ప్యాడ్ పని చేస్తుంది. నీటి చుక్క తగిలినా అది వేలే అనుకుంటుంది. జిడ్డు పోవాలంటే మైక్రోఫైబర్ గుడ్డకు కాస్త 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు, ఇట్టే ఆరిపోతుంది. లెక్కల టీచర్‌కి తెలిసిన ఈ సంగతి మీ టెక్నీషియన్‌కి ఎవరూ నేర్పలేదా? అతని మీద నాకు కోపం లేదు, నేర్పకుండా కౌంటర్‌లో కూర్చోబెట్టిన వాళ్ల మీదే ఉంది.

టచ్‌ప్యాడ్ ఉచితంగా మార్చండి. చాలా లాప్‌టాప్‌లలో ప్యాడ్ కిందే బ్యాటరీ ఉంటుంది కాబట్టి దాన్నీ పరీక్షించి, ఏం చేశారో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ నీలం సీసాను అన్ని సెంటర్ల కౌంటర్ల నుంచీ తీయించండి. ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపమే. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

పిల్లలకు పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. టచ్‌ప్యాడ్ ఆఫ్ చేసి మౌస్‌తో నెట్టుకొస్తున్నాను. బ్యాటరీ సంగతి తేలక, ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా టెన్షన్‌తో పక్కనే కూర్చుంటున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జతపరచినవి: కొన్న బిల్లు, 300 రూపాయల రసీదు, రెండు జాబ్ షీట్ల కాపీలు