అలుగు కనిపిస్తే కలకలమా?

సంపాదకుల వారికి,

అయ్యా,

గత వారం మీ జిల్లా పేజీలో ‘వింత జంతువు కలకలం’ వార్త చూసి కూడా ఊరుకున్నాను. ఆదివారం అనుబంధంలో మెక్సికో ఆక్సొలాటల్‌కూ మడగాస్కర్ అయ్-అయ్‌కీ పేజీ నిండా రంగుల బొమ్మలు వేసి, పేర్లు, తిండి, అలవాట్లు పూసగుచ్చినట్టు రాశారు. ఇక రాయక తప్పలేదు.

మీ విలేకరి ‘ఎక్కడి నుంచో వచ్చింది’ అన్న ఆ జంతువు అలుగు. ఎక్కడి నుంచీ రాలేదు, మన అడవులలోదే. ఒంటి మీది పొలుసులు మన గోళ్లలో ఉండే పదార్థమే. నోట్లో ఒక్క పన్ను ఉండదు. జిగురు నాలుకతో చీమలనూ చెదపురుగులనూ తిని బతుకుతుంది. బెదిరితే తలను పొట్టలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. చిరుతకు కూడా ఓ పట్టాన లొంగని ఆ చుట్ట, మనిషికి మాత్రం ఎత్తి సంచిలో వేసుకోవడానికి అనువుగా ఉంటుంది. మీ ఫొటోలో చుట్టూ కర్రలు పట్టుకున్న యువకులు, మధ్యలో ముడుచుకుపోయిన అలుగు, దాని మీద ఒకాయన చెప్పుకాలు. కింద మీ వ్యాఖ్య: ‘భయాందోళనలో గ్రామస్థులు’!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి ఇది. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా జైలు. ఆ ఒక్క వాక్యానికి మీ పేజీలో చోటు లేకపోయిందా? ‘అధికారులకు సమాచారం ఇచ్చారు’ అని ముగించారు. ఇచ్చారు సరే, వాళ్లు వచ్చారా? మా వైపు ఇలాంటి వాటికి అటవీ శాఖకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. ఎత్తినా ‘అది మా రేంజి కాదు’ అంటారు. రేంజి హద్దులు చూసుకుని తిరగాలని అలుగుకు ఎవరు చెప్పాలి?

బడి గోడల మీద చూద్దామన్నా జిరాఫీ, జీబ్రా, కంగారూలే. తోక లేని, గుండ్రటి కళ్ల దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి, కోతులకు దూరపు చుట్టం) బొమ్మ చూపిస్తే పంతుళ్లే నోరెళ్లబెడతారు. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది మా లంకమల అడవుల దగ్గరే. అదీ ఒక స్థానికుడు పట్టి చూపిస్తేనే. ఈ జిల్లాలో పుట్టిన పిల్లలకు ఆ సంగతి చెప్పే పాఠం ఉండవద్దా?

ఇంతకీ ఆ అలుగును అడవిలో వదిలారా, లేక ఎవరి సంచిలోకైనా చేరిందా? ఆ ముక్క మీ వార్తలో లేదు. కనుక్కుని, ఈసారి పేరు పెట్టి వేయండి.

– ఒక పాఠకుడు, బద్వేలు