దసరాలోపు అవ్వదు, ఎందుకో చెప్తాం

ఒడిశాలోని బరంపురంలో పాత ఇళ్లు, చెక్క సామాన్లు బాగుచేసి, ఇంటి లోపలి డిజైను చేసిపెట్టే పని మాది. దసరాకి ఇల్లు తయారైపోవాలని ఈ నెలలో ఫోన్ చేస్తున్నవాళ్లందరికీ ముందే చెప్పేయడం మంచిది. ఇప్పుడు ఒప్పుకునే పని దసరాలోపు అవ్వదు. కొలతలు, డిజైను, తాపీ పని, చెక్క మరమ్మతు, పేము అల్లిక వానల్లోనూ నడుస్తాయి. లక్కను స్పిరిట్‌లో కరిగించి పట్టే లక్క పాలిష్ మాత్రం సెప్టెంబరు ఆఖరుదాకా పట్టం. బరంపురం గాలిలో అసలే సముద్రపు తేమ. దానికి వాన తోడైతే, స్పిరిట్ ఆరేలోపే ఆ తేమ పాలిష్ పొరలో చిక్కుకుని చెక్కంతా తెల్లగా మసకబారుతుంది. ఫ్యాను పెట్టినా, హీటరు పెట్టినా పూర్తిగా తగ్గదు.

"ఇంకో షాపువాళ్లు వారంలో ఇస్తామన్నారండీ" అంటున్నారు. ఇస్తారు. మెలమైనో, పీయూనో (పాలీయురెథేన్) స్ప్రే చేసి ఇస్తారు, రెండూ గట్టి పొర కట్టే పాలిష్‌లే. కొత్త ప్లైవుడ్ అల్మరాకి మేమూ అదే వాడతాం. తాతలనాటి టేకు కుర్చీకి మాత్రం వద్దనేది మా అభిప్రాయం. లక్క పాలిష్ మీద వేడి కాఫీ గ్లాసు పెట్టి మచ్చ పడిందనుకోండి, ఆ చోటు వరకు స్పిరిట్ గుడ్డతో రుద్ది సరిచేయొచ్చు. పీయూ పొర బాగా గీరుకుపోతే చాలాసార్లు మొత్తం గీకి మళ్లీ కొట్టాల్సిందే.

ఇక రేట్ల సంగతి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 శాతం నుంచి 18కి దిగింది కదా, మీ ఎస్టిమేటు మాత్రం పైకే ఎక్కిందేమిటని ఒక మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని పాతింటి పనిలో సిమెంటు వాటా తక్కువ. సున్నం గోడలకైతే అసలు వాడం. బిల్లులో పెద్ద ముక్క కూలీ. గానుగ పట్టిన డంగు సున్నంతో పని తెలిసిన తాపీ మేస్త్రీలు, చేత్తో పాలిష్ పట్టేవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు. మా గంజాం జిల్లా కుర్రాళ్లు దశాబ్దాలుగా సూరత్ మగ్గాల మీదికి పోతున్నారు, ఈ పని నేర్చుకుందామని వచ్చేవాళ్లు తక్కువ. ఉన్న మేస్త్రీ ఒకసారి వెళ్లిపోతే మళ్లీ దొరకడు. అందుకే పాలిష్ లేని వానాకాలంలోనూ వాళ్లకి కూలీ ఇస్తున్నాం. ఆ ఖర్చు మీ బిల్లులోకే వస్తుంది, దాచేదేం లేదు.

ఎక్కువమంది ఇబ్బంది పడేది మరో విషయంలో. డబ్బులు పోస్తున్నాం, కంటికి మాత్రం ఏమీ కనపడటం లేదంటారు. మీరిచ్చే డబ్బులో సగం పైన కంటికి కనపడని పనికే పోతుంది. అలా వద్దు, కనపడేదే చేసిపెట్టండి అనేవాళ్లకు మేం సరిపోం.

పాత బరంపురం వీధుల్లో ఇళ్లు మీకు తెలిసినవే. వీధి వైపు అరుగు, వెడల్పు తక్కువ, లోపలికి పోయేకొద్దీ గది వెనక గది, మధ్యలో ఎక్కడో ఆకాశం కనిపించే జాగా. ఇటుక, సున్నం గార. కొన్నయితే ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటివి, అంటే 1936కి ముందువి. వాటి పునాదుల్లో తేమను ఆపే పొర ఉండదు. నేలలో నీళ్లు ఇటుకల్లోంచి నడుమెత్తు దాకా ఎక్కుతాయి, వాటితో పాటు ఉప్పూ ఎక్కుతుంది. సున్నం గోడైతే ఆ తేమ గాలికి ఆరిపోతూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూసి, ఆపైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు కొడితే దారి మూసుకుపోతుంది. తేమ ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి. అప్పుడు ఆ పెచ్చులు కనపడకుండా పీవీసీ ప్యానెల్ కొట్టిస్తారు. నిజం చెప్పాలంటే ప్యానెల్ పనిలోనే మాకు ఎక్కువ మిగులుతుంది. ఇట్టే అయిపోతుంది, ఫొటో కూడా బ్రహ్మాండంగా వస్తుంది. అయినా చెమ్మ గోడ మీద ఇక కొట్టం.

బడా బజార్ దగ్గర ఒక ఇంట్లో టీవీ వెనక ఉన్న ప్యానెల్ విప్పితే ఏం కనిపించిందో చెప్తాను. ప్యానెల్ బిగించడానికి కొట్టిన చెక్క పట్టీలు చేత్తో నలిపితే పొడైపోయాయి. గోడ మీద చెదల మట్టి దారులు స్విచ్ బాక్సు దాకా పాకి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే పాలరాతి డిజైను, ఒక్క మచ్చ లేదు. ఆ ఇంట్లో మేం చేసిందిదీ. సిమెంటు పూత నడుము పైదాకా కొట్టేసి ఇటుకను గాలికి వదిలేశాం. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపాం, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పెరట్లో చప్టా వాలు ఇంటి వైపుకి ఉంది, దాన్ని బయటికి తిప్పాం. చూరు నీళ్లు పడే చోట కాలువ తీశాం. చెదలకు మందు కొట్టించాం. బాగా ఆరాక డంగు సున్నం, ఇసుకతో గార, పైన వెల్ల. "ఇంత డబ్బు పోసి వెల్ల వేయించుకున్నామా?" అన్నారు ఆ ఇంటి పిన్నిగారు. అవునండీ, అంతే.

పైకప్పుదీ ఇదే సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని పెంకుటిళ్లు పాడయ్యాయో మనం చూసినదే. ఆ తరవాత కొందరు రేకులు, కొందరు స్లాబు వేయించుకున్నారు. పెంకు ఇంకా ఉన్నవాళ్లకు మా సలహా: దూలాలు, వాసాలు గట్టిగా ఉంటే పెంకు సర్ది ఉంచుకోండి, వేసవిలో మీకే తెలుస్తుంది హాయి. కాని వాసాలు ఒక్కొక్కటీ తట్టి చూశాకే లోపల డిజైను మొదలెడతాం.

సామాన్ల విషయానికొస్తే, మన వైపు ఇంటికో "రంగూన్ టేకు" ఉంటుంది. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన రోజుల్లో ఇక్కడివాళ్లు ఎంతోమంది పనికి వెళ్లారు కాబట్టి కొన్ని నిజమే అయ్యుండొచ్చు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక తిరిగొచ్చినవాళ్లు మాత్రం చాలామంది కట్టుబట్టలతో వచ్చారు, కాలినడకన వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లు పందిరి మంచం మోసుకొచ్చారంటే నేను నమ్మను. మా చేతికి వచ్చే వాటిలో వేగిస, మద్ది, పనస కూడా ఉంటాయి. పనస పాతబడితే పైకి టేకులాగే కనిపిస్తుంది. కనపడని చోట చిత్రికతో సన్నటి పొర తీస్తే తెలిసిపోతుంది. టేకుకి తోలు వాసన వస్తుంది, వేలికి జిడ్డు తగులుతుంది. పనస లోపల పసుపు. టేకు కాదని తేలితే చిన్నబుచ్చుకోకండి. బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే.

ఈ మధ్య పర్లాకిమిడి నుంచి ఒక భోషాణం వచ్చింది. పైన చాక్లెట్ రంగు ఎనామిల్, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద నీలం, అన్నిటికన్నా అడుగున పసుపు కుంకుమ మరకలు. మూత అంచుల్లో చెక్కలో చెక్క దూర్చి వెదురు మేకులతో బిగించిన అతుకులు ఒక్కటీ కదల్లేదు. తరవాత ఎవరో కొట్టిన ఇనప మేకుల దగ్గరే చెక్క నల్లబడి వదులైంది. రంగు తీయడానికి వారాలు పట్టింది, ఎందుకంటే అలాంటి పాత ఎనామిల్‌ను మేం ఎండు ఉప్పుకాగితంతో రుద్దం. పేస్టు పూసి, మెత్తబడ్డాక తడిమీదే గీకుతాం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో ఎంతైనా ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతే మెదడు ఎదుగుదలకే చేటు. యూట్యూబ్ చూసి ఇంట్లో గ్రైండరు పెట్టి రుద్దేవాళ్లు దయచేసి ఆగండి.

ప్రతిదీ బాగుచేస్తామని చెప్పం. చేవ ఉన్న టేకును పురుగు అంత తేలిగ్గా ముట్టుకోదు, చుట్టూ ఉన్న తెల్ల చెక్కనే తింటుంది. కాబట్టి కాళ్లు, అంచులు మార్చి నిలబెట్టొచ్చు. పార్టికల్ బోర్డు నీళ్లు తాగి ఉబ్బితే మాత్రం దానికి వైద్యం లేదు. ఇంకో మాట. మంచి పాత బీరువా బాగుచేయించడానికి కొత్త రెడీమేడ్ బీరువా కన్నా ఎక్కువే అవుతుంది, రేపు అమ్మితే అంత రాదు. ఇంట్లో వాడుకునేటట్టయితేనే చేయించండి. మ్యూజియంలా దాచిపెట్టడానికైతే దుమ్ము దులిపి ఉంచుకోండి, చాలు.

వానలు పోయేదాకా ఈ ఒక్క పని మాత్రం చేయకండి. తలుపు పట్టేస్తోందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. చెక్క ఇప్పుడు తేమకు ఉబ్బి ఉంది, చలికాలానికి ఆరి ముడుచుకుంటే అక్కడ వేలు దూరేంత సందు వస్తుంది. అంచుకు కొవ్వొత్తి రుద్దండి, ఈ లోపు నడిచిపోతుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఇళ్లు కట్టుకున్నవాళ్లు తలుపు బందులు ఇత్తడివి గాని, 316 గ్రేడ్ స్టీలువి గాని అడగండి. మామూలుగా దొరికే 304 కూడా ఉప్పు గాలికి మచ్చలు పడుతుంది. వంటింటి ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (నీళ్లను బాగా తట్టుకునే మెరైన్ రకం) చూసి తీసుకోండి, ఐఎస్ 303లో మామూలు ఎంఆర్ రకం సింకు కిందకి పనికిరాదు.

ఈ నెల నుంచి ఇల్లు చూడకుండా ఎస్టిమేటు ఇవ్వం. చూడ్డానికి వస్తే 500 రూపాయలు తీసుకుంటాం, పని మాకిస్తే బిల్లులో తగ్గిస్తాం. అడ్వాన్సు ఇకమీదట సగం కాదు, మూడో వంతు. గోడ ఆరాక ఇంకో వంతు, అప్పగించాక మిగతాది. గోడ ఆరలేదని మేం అంటే పని ఆగుతుంది, దాని గురించి టెన్షన్ పడకండి, ఆ రోజులకు కూలీ వేయం. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేటే.

ఫొటోలు పంపేటప్పుడు ముందు గది, షోకేసు కాదు, గోడ అడుగు భాగం, బీరువా వెనక, మంచం కోళ్ల కింద తీసి పంపండి. పాలిష్ పని కావలసినవాళ్లు ఇప్పుడే పేరు చెప్పి ఉంచితే అక్టోబరు నుంచి వరసలో పిలుస్తాం. సామాను మాత్రం అప్పటిదాకా మీ ఇంట్లోనే ఉంచుకోండి, మా షెడ్డులో కాలు పెట్టే జాగా లేదు.